రోజూ జామ్‌లో నడపడానికి ఏ ఆటోమేటిక్ కారు మంచిది? ఏఎంటీ, సీవీటీ, టార్క్ కన్వర్టర్, డీసీటీ, ఎలక్ట్రిక్‌లలో ఎవరికి ఏది

నిజాంపేట నుంచి రాయదుర్గం దాకా నా ఆఫీసు దారి పద్నాలుగు కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదింటికి బయల్దేరితే గంటా పది నిమిషాలు పడుతుంది. వాన పడితే ఇంకో అరగంట కలుపుకోవాలి. పదకొండేళ్లు ఈ దారిలో గేర్ల కారే నడిపాను. ఒకరోజు లెక్కపెట్టి చూశాను. జేఎన్‌టీయూ దాటిన దగ్గర్నుంచి సైబర్ టవర్స్ చేరేసరికి క్లచ్ 143 సార్లు తొక్కాను. అప్పటికే మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తోంది. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూడకముందే "రోజుకి ఎంతసేపు డ్రైవింగ్ చేస్తారమ్మా?" అని అడిగారు.

ఆటోమేటిక్ కొందామని తెలిసినవాళ్లందరినీ అడిగాను. అందరిదీ ఒకటే మాట, "ఆటోమేటిక్ తీసుకో, హాయి" అని. ఏ ఆటోమేటిక్ అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క పేరు కింద మన షోరూముల్లో కనీసం ఐదు రకాల బండ్లు అమ్ముతున్నారు. ఖాళీ రోడ్డు మీద వాటి మధ్య తేడా అంతగా తెలియదు. జామ్‌లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఒక ఏఎంటీ కారు కొని నాలుగేళ్లు నడిపి, దాన్ని అమ్మి టార్క్ కన్వర్టర్ కారులోకి మారాక నాకిది తెలిసొచ్చింది. మీకు ముందే తెలిస్తే బాగుంటుందని రాస్తున్నాను.

ముందు చూడాల్సింది: బ్రేకు మీంచి కాలు తీస్తే ఏమవుతుంది

బ్రోచర్లలో హార్స్‌పవర్, సన్‌రూఫ్, స్క్రీన్ సైజు అన్నీ ఉంటాయి. కానీ ఊళ్లో తిరిగే కారు ఎక్కువసేపు గంటకు సున్నా నుంచి పదిహేను కిలోమీటర్ల మధ్యే ఉంటుంది. డ్రైవ్‌లో పెట్టి బ్రేకు మీంచి కాలు తీస్తే, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే కారు మెల్లగా ముందుకు పాకుతుంది. దీన్నే క్రీప్ అంటారు. జామ్‌లో మనం చేసేదంతా ఈ పాకడమే. అది నునుపుగా ఉందా, ఉలిక్కిపడ్డట్టు ఉందా, ఎత్తు మీద కూడా పాకుతుందా, లేక వెనక్కి జారుతుందా? నా ఉద్దేశంలో ఆటోమేటిక్ కారు ఎంపికలో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపును మించిన చోటు నాకు తెలియదు. సెల్లార్ నుంచి పైకి వస్తున్నారనుకోండి. సరిగ్గా ర్యాంపు సగంలో ఉండగా గేటు దగ్గర ఇంకో కారు లోపలికి తిరుగుతుంది. మీరు ఆగాలి. వెనక ఇంకెవరిదో బంపర్ అడుగు దూరంలో ఉంటుంది. వాచ్‌మన్ విజిల్ వేస్తూ "రండి మేడమ్, రండి" అంటుంటాడు. ఆ క్షణంలో బ్రేకు వదిలి కారును పైకి ఎక్కించాలి. టార్క్ కన్వర్టర్ కారు ఆ పని ఏ గొడవా లేకుండా చేసేస్తుంది. మా ఏఎంటీ కారుతో నాలుగేళ్లలో ఆ ర్యాంపు మీద నాకు టెన్షన్ పడని రోజు లేదు.

ఏఎంటీ: తక్కువ ధర, మంచి మైలేజీ, కొంచెం ఓపిక

ఏఎంటీ అంటే లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన ఎడమ కాలూ ఎడమ చెయ్యీ చేసే పనిని ఒక యంత్రానికి అప్పగించారు, అంతే. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలోకి వచ్చింది. ఆ తర్వాత చిన్న కార్ల రూపే మారిపోయింది. ఇప్పుడు వ్యాగన్ఆర్, స్విఫ్ట్, డిజైర్, టియాగో, పంచ్, ఎక్స్‌టర్, క్విడ్ లాంటి వాటన్నిటిలో దొరుకుతుంది. మారుతి దీన్ని ఏజీఎస్ అంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది కాబట్టి పేరు చూసి మోసపోకండి. "ఇది ఏఎంటీనా, కాదా?" అని నేరుగా అడగండి. "ఆటోమేటిక్కే సార్" అనే జవాబుతో ఊరుకోకండి.

గేర్ల కారు కంటే చాలా మోడళ్లలో దీనికి యాభై వేల చుట్టుపక్కలే ఎక్కువ పెట్టాలి. మైలేజీ తగ్గదు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌నే చూడండి. కంపెనీ చెప్పే లెక్క గేర్ల కారుకు లీటరుకు 24.80 కిలోమీటర్లు, ఏఎంటీకి 25.75. జామ్‌లో ఆ అంకెలు రావు, ఎవరికీ రావు. ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుందన్న పాత భయం మాత్రం దీనికి వర్తించదు. రిపేరు కూడా సులువే, చిన్న ఊళ్ల మెకానిక్కులకు కూడా లోపలి గేర్‌బాక్స్ తెలిసిందే.

మరి ఇబ్బంది ఎక్కడ? ఒకటి, గేరు మారేటప్పుడు ఒక క్షణం ఇంజిన్ లాగడం ఆగిపోతుంది. మొదటి గేరు నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు తల చిన్నగా ముందుకు ఊగుతుంది. ఖాళీ రోడ్డు మీద అది ఒకటి రెండు సార్లే. మూసాపేట దగ్గర, అమీర్‌పేట దగ్గర పది అడుగులు వెళ్లి ఆగే చోట అది పదేపదే జరుగుతుంది. వెనక కూర్చున్న మా అమ్మాయికి పుస్తకం చదివితే కళ్లు తిరిగేవి. రెండోది అంతకన్నా ముఖ్యం. ఎత్తు మీద ఇది పాకలేదు. హైదరాబాదు గుట్టల మీద కట్టిన ఊరు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ సరే సరి, అటు హైటెక్ సిటీ వైపు కూడా ప్రతి ఫ్లైఓవర్ ఎక్కే దగ్గరా ఒక వాలు ఉంటుంది, ప్రతి వాలు మీదా ఒక జామ్ ఉంటుంది. హిల్ హోల్డ్ ఉన్న కారయితే బ్రేకు వదిలాక రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. ఆలోపు యాక్సిలరేటర్ ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే వెనక్కి జారుతుంది.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. నేనూ ఏడాదిపాటు చేశాను. వాలు మీద వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌ను కొంచెం కొంచెం నొక్కుతూ కారును అక్కడే నిలబెట్టడం. లోపల క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూ ఉంటుంది. ఒక మే నెల సాయంత్రం ఫ్లైఓవర్ వాలు మీద అలా ఐదు నిమిషాలు నిలబెట్టేసరికి, మాడిన రబ్బరూ కాలిన కాగితం కలిసినట్టు ఒక వాసన లోపలికి వచ్చింది. వెనక బండి వాళ్లదేమో అనుకుని అద్దాలు మూశాను. వాసన ఎక్కువైంది. అది నా కారు క్లచ్చే. నలభై రెండు వేల కిలోమీటర్లకే క్లచ్ సెట్టు మార్చాల్సి వచ్చింది. సర్వీస్ సెంటర్‌లో ఆ ప్లేటు నా చేతిలో పెట్టారు. అంచులు నల్లగా మాడి, మధ్యలో నీలంగా కమిలిపోయి ఉంది. ఈ సంగతి కారు ఇచ్చిన రోజే రెండు ముక్కల్లో చెప్పి ఉంటే ఆ ప్లేటు ఇంకో రెండేళ్లు బతికేది.

అందుకని ఏఎంటీ తీసుకునేవాళ్లు మూడు అలవాట్లు చేసుకోవాలి. వాలు మీద ఆగితే బ్రేకు తొక్కిపెట్టాలి తప్ప యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు. ముందు బండి అడుగు జరిగినప్పుడల్లా మనం అడుగు జరగకూడదు. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చాక ఒక్కసారి కదిలితే క్లచ్ పూర్తిగా పట్టుకుంటుంది. ఇక గేరు మారబోతోందని తెలిసినప్పుడు, రెండు మూడు వారాల్లో అది చెవికే తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలును ఒక వెంట్రుకవాసి తేలికచేస్తే ఆ తల ఊపుడు సగానికి సగం తగ్గుతుంది. ఎత్తు మీద మొత్తం జామే అయితే మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరులో ఉంచెయ్యండి. రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు కూడా అంతే.

మీ బడ్జెట్ ఏడెనిమిది లక్షల్లోపు అయితే, మీ ఊరు చదునుగా ఉంటే ఏఎంటీ తప్పు ఎంపిక కానే కాదు. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి లాంటి చోట్ల చక్కగా సరిపోతుంది. విశాఖలో కొండ మీద ఇల్లున్నవాళ్లూ, జూబ్లీహిల్స్ వాలుల్లో రోజూ తిరిగేవాళ్లూ ఇంకొక లక్ష కూడబెట్టి నేను ఇక చెప్పబోయే రకాలు చూడటం మేలు.

టార్క్ కన్వర్టర్, సీవీటీ: జామ్‌లో నిజంగా హాయి ఇక్కడే

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్ పనితీరు అదే, గాలి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రాసుకునే క్లచ్ ప్లేటు లేదు, ఉన్నది ఆయిల్. అందుకే జామ్‌లో ఎన్నిసార్లు ఆగి కదిలినా అరిగిపోయేది పెద్దగా ఉండదు. వేడి పుట్టినా ఆయిల్ తీసుకుంటుంది, ఆయిల్‌ను కూలర్ చల్లబరుస్తుంది. సెల్లార్ ర్యాంపు మీద బ్రేకు వదిలితే కారు ఒక్క క్షణం నిలబడి, తర్వాత తనంతట తానే పైకి పాకుతుంది. మొదటిసారి అలా ఎక్కినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

బ్రెజ్జా, ఎర్టిగా, ఫ్రాంక్స్ టర్బో, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ టర్బో పెట్రోలు, స్కోడా కైలాక్, క్రెటా డీజిల్ వంటి వాటిలో ఉండేది ఆరు గేర్ల టార్క్ కన్వర్టరే. ఫ్రాంక్స్‌లో 1.2 లీటర్ల ఇంజిన్‌కు ఏఎంటీ, టర్బోకు టార్క్ కన్వర్టర్ ఇస్తారు. ఒకే కారు, ఒకే పేరు, రెండు వేర్వేరు స్వభావాలు. నేను పేరు చూసి మోసపోవద్దన్నది ఇలాంటి చోటే.

సీవీటీలో అసలు గేర్లే లేవు. రెండు కప్పీలు, వాటి మధ్య ఒక బెల్టు. కప్పీల వెడల్పు మారుతూ వేగం మారుతుంది. గేరు మారడమే లేదు కాబట్టి కుదుపు కూడా లేదు. హోండా సిటీ, అమేజ్, ఎలివేట్‌లలో, క్రెటా, సెల్టోస్‌ల 1.5 మామూలు పెట్రోలులో, మ్యాగ్నైట్, కైగర్‌ల టర్బోలో ఇదే. హ్యుందాయ్, కియా వాళ్లు ఐవీటీ అంటారు. మన దగ్గర దొరికే సీవీటీలు చాలావాటికి ముందు భాగంలో టార్క్ కన్వర్టరే ఉంటుంది, అందుకే పాకడం కూడా అంతే మెత్తగా ఉంటుంది. సీవీటీ మీద ఉన్న ఫిర్యాదు ఒకటే. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ కారు ఆ అరుపుకు తగ్గట్టు ముందుకు దూకదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు అది విసుగనిపించొచ్చు. గంటకు ఇరవై దాటని చోట దాని ఊసే రాదు. ఇల్లూ ఆఫీసూ రెండూ జామ్‌లోనే ఉన్నవాళ్లకు, నెమ్మదిగా నడిపే స్వభావం ఉన్నవాళ్లకు, వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్లకు పెట్రోలు కార్లలో నేను మొదట చెప్పేది సీవీటీయే. మైలేజీలో కూడా టార్క్ కన్వర్టర్ కంటే మెరుగు. అమేజ్‌లో అయితే గేర్ల కారును కూడా మించింది, గేర్ల కారుకు లీటరుకు 18.65 కిలోమీటర్లు, సీవీటీకి 19.46 అని కంపెనీ లెక్క.

అలాంటప్పుడు నేను సీవీటీ ఎందుకు తీసుకోలేదు? మాకు నెలకోసారి తిరుమలో, గుంటూరో ప్రయాణం ఉంటుంది. నలుగురం, సామాను, ఘాట్ రోడ్డు. అక్కడ టార్క్ కన్వర్టర్ లాగే తీరు నాకు నచ్చింది. జామ్ ఒక్కటే అయితే నిర్ణయం ఇంకోలా ఉండేది.

ఈ రెండు రకాలకీ గేర్ల కారు కంటే సుమారు లక్ష నుంచి లక్షన్నర దాకా ఎక్కువవుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ "లైఫ్ టైమ్, మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే ఓనర్స్ మాన్యువల్ తీసి, తీవ్రమైన వాడకానికి ఏం రాశారో చదవండి. మన ఎండలు, మన జామ్ రెండూ ఆ కోవలోకే వస్తాయి. ఆ ఆయిల్ ఖర్చు వేలల్లో ఉంటుంది, గేర్‌బాక్స్ పోతే లక్షల్లో ఉంటుంది.

డీసీటీ: హైవే మీద రాజా, జామ్‌లో జాగ్రత్త

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి, మూడు, ఐదు గేర్లు ఒకదాని చేతిలో, రెండు, నాలుగు, ఆరు ఇంకోదాని చేతిలో. మీరు రెండో గేరులో ఉండగానే మూడోది సిద్ధంగా ఉంటుంది. అందుకే రెప్పపాటులో మారుతుంది. నడపడం ఇష్టమైనవాళ్లకు ఇంతకు మించిన గేర్‌బాక్స్ లేదని నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఇవి కూడా క్లచ్‌లే. అందులోనూ డ్రై క్లచ్ రకమైతే వాటిని చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. కదలని కారుకి గాలెక్కడిది? హ్యుందాయ్, కియాల టర్బో పెట్రోళ్లలోని ఏడు గేర్ల డీసీటీ, వర్టస్, టైగన్‌ల 1.5 డీఎస్‌జీ (డీసీటీకి ఫోక్స్‌వ్యాగన్ పెట్టుకున్న పేరు) డ్రై రకాలు. ఆల్ట్రోజ్, నెక్సాన్‌లలో టాటా పెట్టింది ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్. వేడి విషయంలో అది కొంత నయం. మా మరిది డ్రై క్లచ్ డీసీటీ నడుపుతాడు. పోయిన ఎండాకాలం మెహదీపట్నం దగ్గర నలభై నిమిషాల జామ్‌లో స్క్రీన్ మీద గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి, పదిహేను నిమిషాలు ఆగాక పోయింది. "వదినా, కారేమీ పాడవలేదు, కానీ ఆ పదిహేను నిమిషాలు పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డం మాత్రం..." అన్నాడు. తను వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాడు, శని ఆదివారాలు లాంగ్ డ్రైవ్‌లు. అతనికి ఆ కారు సరిపోయింది. రోజూ రెండు గంటలు పాకేవాళ్లకు మాత్రం డ్రై క్లచ్ డీసీటీ తీసుకోమని నేను చెప్పను.

కొనేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఆగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కండి, అప్పుడు క్లచ్ పూర్తిగా విడిపోతుంది. బ్రేకు మీద కాలు సగం సగం ఆనించి పాకిస్తేనే అది రాసుకుంటూ వేడెక్కుతుంది. ఏఎంటీకి చెప్పిన ఒక కారు ఖాళీ సూత్రం దీనికీ అంతే.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్

ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగితే, జామ్‌కి ఎలక్ట్రిక్ కారుకు సాటి వచ్చేది ఏదీ లేదు. గేర్లు మార్చేదీ లేదు, క్లచ్ లేదు, ఆగినప్పుడు ఇంజిన్ వణుకు లేదు. ఏసీ నడవడానికి ఇంజిన్ తిరగక్కర్లేదు. మోటారు సున్నా నుంచే పూర్తి బలంతో లాగుతుంది కాబట్టి ర్యాంపులు లెక్కే కాదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారు తనే నెమ్మదిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. దాన్ని ఎక్కువలో పెట్టుకుంటే బ్రేకు తొక్కే పని కూడా బాగా తగ్గుతుంది. పెట్రోలు కారుకు ఊళ్లో మైలేజీ తగ్గితే, దీనికి హైవే మీద తగ్గుతుంది.

కోమెట్, టియాగో ఈవీ, పంచ్ ఈవీ, విండ్సర్ వంటివి ఊరి వాడకానికే పుట్టినట్టుంటాయి. ఇరవై నాలుగు యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఈవీని ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుకు రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. పది లక్షల పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్సే లక్ష దాటుతుంది కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. ఆ తేదీ చూసుకుని నిర్ణయించుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌కు లైను లాగడానికి అసోసియేషన్ ఒప్పుకోవడానికే ఏడు నెలలు పట్టింది, అప్పటికి నేను కారు కొనేశాను. మీరైతే కారు చూడకముందే ఆ మాట తేల్చుకోండి. మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు రాగలదా? రాకపోతే, బయటి చార్జింగ్ మీదే ఆధారపడి ఎలక్ట్రిక్ కొనొద్దు.

పెట్రోలు ఇంజిన్‌తో పాటు మోటారూ బ్యాటరీ కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ మధ్యే మార్గం. గ్రాండ్ విటారా, హైరైడర్, సిటీ హైబ్రిడ్‌లు జామ్‌లో చాలాసేపు బ్యాటరీ మీదే నడుస్తాయి, చార్జింగ్ పెట్టే పని లేదు. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు కంపెనీ లెక్క లీటరుకు 27.97 కిలోమీటర్లు. ధర మాత్రం రోడ్డెక్కేసరికి ఇరవై లక్షల దగ్గరకు వెళ్తుంది. ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఆ డబ్బు పెట్రోలు రూపంలో తిరిగి రాదు.

క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మాత్రం చేత్తో మార్చుకునే ఐఎంటీ సగం ఊరటే ఇస్తుంది, జామ్ కోసమైతే దాని జోలికి పోవద్దు. సీఎన్‌జీలో ఆటోమేటిక్ కావాలంటే 2024లో టియాగో, టిగోర్‌లలో ఏఎంటీతో వచ్చింది, రోజూ ఎక్కువ దూరం తిరిగేవాళ్లు చూడొచ్చు.

టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఆరున్నరకి అడగండి

నా మొదటి ఆటోమేటిక్ కారు టెస్ట్ డ్రైవ్ ఉదయం పదకొండింటికి, సర్వీస్ రోడ్డు మీద, నాలుగు కిలోమీటర్లు. కారు వెన్నలా వెళ్లింది. ఆ సమయంలో ఆ రోడ్డు మీద ఏ కారైనా వెన్నలాగే వెళ్తుంది. రెండోసారి నేను పట్టుబట్టాను. సాయంత్రం ఆరున్నరకి, మా ఇంటికే తెమ్మన్నాను. సేల్స్ అబ్బాయి మొదట నసిగాడు, తర్వాత మంచివాడు, తెచ్చాడు. మా సెల్లార్‌లోకి దింపి, ర్యాంపు సగంలో ఆపి, మళ్లీ ఎక్కించాను, మూడుసార్లు. తర్వాత జేఎన్‌టీయూ సిగ్నల్ దాకా జామ్‌లో వెళ్లి, యూటర్న్ తీసుకుని వచ్చాను. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో తెలిసినంత, నెల రోజులు వీడియోలు చూసినా నాకు తెలియలేదు.

మీరు వెళ్లినప్పుడు ఏసీ ఫుల్లులో పెట్టండి, నలుగురు ఎక్కండి. చిన్న ఇంజిన్ ఉన్న కారు ఎత్తు మీద పాకగలదో లేదో అప్పుడే తెలుస్తుంది. ముందుకీ వెనక్కీ మూడు నాలుగుసార్లు గేరు మార్చి పార్కింగ్ చేయండి, డ్రైవ్ నుంచి రివర్స్‌కు ఎంతసేపట్లో అందుకుంటుందో చూడండి. ఇరుకు సందులో వెనక ఆటో హారన్ కొడుతుంటే ఆ ఒక్క సెకను చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఇక ఆటో హోల్డ్ ఉందేమో అడగండి. సిగ్నల్ దగ్గర కారు ఆగాక బ్రేకు మీంచి కాలు తీసినా అది పట్టుకుని ఉంచుతుంది. ఎడమ మోకాలు తప్పించుకున్న నొప్పి కుడి మడమకు రాకుండా కాపాడేది ఇదే. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. ఆటో హోల్డ్ కోసం వెళ్లడం అంతకన్నా సబబు.

మొదటి నెల జాగ్రత్తలు

ఎడమ కాలికి ఇక పనిలేదు. దాన్ని బ్రేకు మీదకు ఎప్పుడూ రానివ్వకండి. పాత అలవాటులో క్లచ్ అనుకుని ఆ కాలు బ్రేకును పూర్తిగా తొక్కేస్తే, కారు నిలువునా ఆగుతుంది, వెనక బైకు మీద అబ్బాయి వచ్చి గుద్దుతాడు. కుడి మడమను బ్రేకు పెడల్‌కి ఎదురుగా నేలకు ఆనించి, యాక్సిలరేటర్‌కు పాదాన్ని మాత్రం తిప్పండి. సెల్లార్‌లో గోడకీ స్తంభానికీ మధ్య పార్క్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకండి, బ్రేకును వదులుతూ పట్టుకుంటూ పాకించండి. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి గోడకు గుద్దిన కార్లు మా ఒక్క కాంప్లెక్స్‌లోనే రెండున్నాయి. రెండూ పార్కింగ్‌లోనే.

కొద్దిసేపు ఆగే సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు తొక్కితే చాలు. నిమిషం దాటుతుందనుకుంటే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి, కాలుకి విశ్రాంతి. వాలు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలొద్దు, మిగలదు, పైగా ప్రమాదం. కారు పూర్తిగా ఆగకుండా రివర్స్ వేయొద్దు. బ్యాటరీ దిగిపోతే నలుగురు కలిసి తోసి స్టార్ట్ చేసే పద్ధతి ఇక కుదరదు, జంపర్ కేబుల్ ఒకటి డిక్కీలో పడేయండి.

పోయిన సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు నాన్నగారు నా కారు గురించి అడిగారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో తిరగడం, పదిహేను రోజులకోసారి విజయవాడ వెళ్లిరావడం, అదే ఆయన డ్రైవింగ్. "ఇంత డబ్బు నాకెందుకు అమ్మాయ్, నాకు చిన్నది చాలు" అన్నారు. చదునైన ఊరు, తక్కువ వాడకం, ఎనిమిది లక్షల్లోపు, కాబట్టి ఆయనకు ఏఎంటీయే చెప్పాను. కారు వచ్చిన వారం తెల్లవారుజామున ఐదున్నరకి ఖాళీ మైదానానికి తీసుకెళ్లి నడిపించాను. రెండుసార్లు క్లచ్ అనుకుని బ్రేకు తొక్కారు. మూడోసారి కారు ఆపి, ఎడమ చెప్పు విప్పి, ఆ పాదాన్ని సీటు కిందికి మడిచి పెట్టుకుని "ఇప్పుడు పద" అన్నారు. వారం రోజులు అలాగే నడిపారు.